నాయకులనూ చానళ్లనూ ఎంచుకునేది మనమే అయితే, బాధ్యత మన మీద ఎంత?

సిరాచుక్క:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న విషయం ఇది. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

రాజకీయాలు భ్రష్టుపట్టాయంటాం, మీడియా అమ్ముడుపోయిందంటాం. రెండూ నిజమే కావచ్చు. కానీ ఆ మాటలు అనేటప్పుడు మనకేమీ సంబంధం లేనట్టు, గట్టు మీద నిలబడి చూస్తున్నట్టు మాట్లాడతాం. ఆ నాయకుడికి ఓటేసింది ఎవరు? సాయంత్రం కాగానే ఆ చానల్ పెట్టుకుని కూర్చున్నది ఎవరు?

లోక్‌సభకు గెలిచినవాళ్లలో తమ మీద క్రిమినల్ కేసులున్నాయని తామే అఫిడవిట్‌లో రాసిచ్చినవాళ్ల సంఖ్య చూడండి. అభ్యర్థుల అఫిడవిట్లను పరిశీలించే ఏడీఆర్ సంస్థ లెక్క ప్రకారం 2009లో 162 మంది, 2014లో 185, 2019లో 233, 2024లో 251. మొత్తం 543లో 251 అంటే 46 శాతం. కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదని నాకూ తెలుసు. కక్షతో పెట్టిన కేసులుంటాయి, ధర్నా చేసినందుకు పెట్టినవీ ఉంటాయి. వాటన్నిటినీ పక్కన పెట్టినా, నాలుగు ఎన్నికల్లో ఆ సంఖ్య పెరగడమే తప్ప తగ్గింది లేదు. పైగా ఇదేమీ దాచిన సమాచారం కాదు. 2002లో, 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల పుణ్యమా అని ప్రతి అభ్యర్థీ ఈ వివరాలు బయటపెట్టాల్సిందే. అంతకుముందు ‘మాకేం తెలుసు’ అనడానికి ఓటరుకు వీలుండేది. ఇప్పుడు లేదు.

నాయకులు చేసేదానికి మనం జవాబు చెప్పాలా, అక్కర్లేదా? చెప్పాలంటే ఎంతవరకు? మీడియా విషయంలోనూ అదే లెక్క వర్తిస్తుందా? నా ఉద్దేశంలో మన వాటా మనం ఒప్పుకునేదానికంటే చాలా ఎక్కువ. మీరేమంటారు?

తూర్పుగాలి:

సిరాచుక్క గారూ, మీ ఆవేదన అర్థమైంది. కానీ ఈ వాదన చివరికి ఎక్కడికి పోతుందో నాకు భయం. ‘ఏ జాతికి తగ్గ ప్రభుత్వం ఆ జాతికి దొరుకుతుంది’ అనే మాట ఎన్నికలయ్యాక ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఎవరిదో చూడండి. జోసెఫ్ ద మేస్త్ర్ అనే ఆయన 1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి రాసిన ఉత్తరంలోది. ఆయన రాచరికానికి గట్టి మద్దతుదారు, ఫ్రెంచి విప్లవమంటే గిట్టనివాడు. ఆ మాట రాసింది జార్ ఏలుబడిలో ఉన్న రష్యా గురించి. అక్కడి జనానికి ఓటే లేదు! ఓటు లేనివాళ్లను కూడా ‘మీకిదే తగును’ అనగలిగిన మాటను తెచ్చి ఓటర్ల మీద మోపుతున్నాం.

మనకు ఓటు ఉంది, నిజమే. కానీ టికెట్ ఎవరికివ్వాలో మనల్ని అడుగుతున్నారా? పార్టీలు తలుపులు మూసుకుని నిర్ణయిస్తాయి. ఆ ఇద్దరు ముగ్గురిలో ఒకరిని ఎంచుకోవడమే మన వంతు. పైగా మన పద్ధతిలో సగం ఓట్లు కూడా రానక్కర్లేదు, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. వ్యతిరేకంగా ఓటేసినవాళ్లూ, అసలు జాబితాలో పేరే గల్లంతైనవాళ్లూ జవాబు చెప్పాలా? రెక్కాడితేగాని డొక్కాడని మనిషికీ, టికెట్లు అమ్ముకునేవాడికీ ‘మనమందరం బాధ్యులమే’ అని ఒకే కొలత పెడితే లాభపడేది రెండోవాడే.

చిగురు:

మొదటిసారి ఓటు వచ్చినదాన్ని, అడిగితే తప్పుగా అనుకోకండి. మా దగ్గర గెలిచే అవకాశం ఉన్న ఇద్దరి మీదా కేసులున్నాయి. అప్పుడు నోటా నొక్కితే బాధ్యత తీరినట్టేనా?

వకీలు_కలం:

చిగురు గారూ, తప్పేముందమ్మా, అడగాల్సిన ప్రశ్నే.

నోటా 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చింది. కానీ దానికి గెలిచే శక్తి లేదు. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో ప్రధాన ప్రత్యర్థి పోటీ నుంచి తప్పుకుంటే నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. అయినా ఫలితం మారలేదు. నీ అసమ్మతి నమోదవుతుంది, అంతే. ఆ మాత్రం చాలనుకుంటే నొక్కు. బాధ్యత తీరిందని మాత్రం నేను చెప్పలేను.

ఇక తూర్పుగాలి గారన్న ‘టికెట్ ఎవరికివ్వాలో మనల్ని అడుగుతున్నారా’ దగ్గరికి వస్తాను. అడగరు, నిజమే. కానీ ఎందుకిచ్చారో చెప్పాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 13న పార్టీలను ఆదేశించింది. కేసులున్న వ్యక్తిని ఎంపిక చేస్తే 48 గంటల్లోగా ఆ కేసుల వివరాలూ, అతన్నే ఎంచుకోవడానికి కారణమూ, కేసుల్లేని వేరొకరిని ఎందుకు నిలబెట్టలేకపోయారో కూడా రాసి ప్రచురించాలి. ఒక స్థానిక భాషా పత్రికలో, ఒక జాతీయ పత్రికలో, పార్టీ వెబ్‌సైట్‌లో, సోషల్ మీడియా ఖాతాల్లో. ఆ ఫారం పేరు సీ-7. ‘గెలుస్తాడు కాబట్టి’ అనేది ఒక్కటే కారణంగా చూపితే చెల్లదని కోర్టు స్పష్టంగా చెప్పింది. బీహార్ ఎన్నికల్లో ఈ ఆదేశం పాటించని పార్టీలకు 2021 ఆగస్టులో జరిమానా కూడా పడింది.

నేను కొన్ని సీ-7లు చదివాను. కేసుల గడులు సెక్షన్ నంబర్లతో, కోర్టు పేరుతో పద్ధతిగా నింపి ఉంటాయి. కారణం రాయాల్సిన గడి దగ్గరికొచ్చేసరికి ‘ప్రజల్లో మంచి పేరుంది, సేవాభావం కలవారు, కేసులు రాజకీయ ప్రేరితం’ అన్న ధోరణే. మనిషి మారినా వాక్యం మారదు. కేసుల్లేనివాళ్లు ఎందుకు దొరకలేదన్న చోట, ఈయనకే ఆదరణ ఎక్కువ అని ఒక ముక్క. అది చదివి ఏ కార్యకర్తయినా తన పార్టీ ఆఫీసుకు వెళ్లి ‘ఇదేం జవాబండీ’ అని అడిగాడని నేను వినలేదు. కోర్టు మన చేతికి ఒక కాగితం ఇప్పించింది, దాన్ని పట్టుకుని అడిగే పని మనది. అక్కడ మాత్రం సిరాచుక్క గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ఇంకొక్క మాట. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది.

రాత్రిషిఫ్టు:

సిరాచుక్క గారడిగిన మీడియా సంగతి ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు కాబట్టి నేను రాస్తాను. కొన్నేళ్లు ఒక వార్తా చానల్ డెస్కులో పనిచేశాను. పేరు వద్దు.

‘మనం చూస్తున్నాం కాబట్టే వాళ్లు చూపిస్తున్నారు’ అనే మాట టీవీకి సంబంధించినంతవరకు సగమే నిజం. టీవీ రేటింగ్స్ లెక్కగట్టే బార్క్ సంస్థ వాళ్లు మీటర్లు పెట్టింది దేశం మొత్తమ్మీద దాదాపు 58 వేల ఇళ్లలో. టీవీలున్న ఇళ్లు 23 కోట్లు. మీ ఇంట్లో మీటర్ లేకపోతే మీరు ఆ చానల్ కట్టేసినా, రాత్రంతా నడిపినా ఆ లెక్కలోకి రాదు. గురువారం రేటింగ్స్ వస్తాయంటే డెస్కంతా టెన్షన్. ఆ టెన్షన్ ఆ కొద్ది ఇళ్ల గురించి.

యూట్యూబ్ వచ్చాక మాత్రం లెక్క మారిపోయింది. అక్కడ ప్రతి క్లిక్కూ నమోదే. మా డెస్కులో గోడకు ఒక స్క్రీన్ ఉండేది, లైవ్‌లో ఎంతమంది ఉన్నారో క్షణక్షణం చూపించేది. ఒకరోజు రిపోర్టర్ ఒక ప్రభుత్వ హాస్టల్లో పిల్లలకు జ్వరాలొస్తే పట్టించుకునేవాళ్లు లేరని వార్త తెచ్చాడు. వంటగది, నీళ్ల ట్యాంకు, మంచాల మీద పిల్లలు, వార్డెన్ బైట్ (కెమెరా ముందు చెప్పిన మాటలు), అన్నీ ఉన్నాయి. ఆ ప్యాకేజీ నడుస్తున్నంతసేపూ ఆ అంకె కిందికి దిగుతూనే ఉంది. వెంటనే ఇద్దరు నాయకులు ఒకరినొకరు బూతులు తిట్టుకున్న బైట్ పడింది. అంకె ఎగిరింది. ఇన్‌పుట్ ఎడిటర్ ఏమీ అనలేదు, రన్‌డౌన్‌లో, అంటే వార్తలు వేసే వరుసలో, హాస్టల్ వార్తను కిందికి జరిపాడు. తర్వాతి బులెటిన్‌లో అది స్క్రోలింగ్‌లో ఒక్క లైను. ఆ తర్వాత అదీ లేదు.

ఎడిటర్‌ది తప్పు కాదా? ముమ్మాటికీ తప్పే. వార్తకు విలువ కట్టడమే అతని ఉద్యోగం, జనం ఉండరని పిల్లల వార్తను వదిలేయడానికి అతనికి హక్కు లేదు. కానీ ఆ అంకెను దించింది ఎడిటర్ కాదు. ఎక్కడో ఇళ్లలో కూర్చుని వేరే వీడియోకు వెళ్లిపోయిన మనుషులు.

అమెరికాలో ఫాక్స్ న్యూస్ వ్యవహారం దీనికంటే స్పష్టంగా కనిపిస్తుంది. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాలతో మోసం జరిగిందన్న ఆరోపణలకు ఆ చానల్ చోటిచ్చింది. డొమీనియన్ అనే యంత్రాల కంపెనీ దావా వేసింది. కోర్టు ముందుకొచ్చిన మెసేజీలు చూస్తే, చానల్ యాంకర్లలోనే కొందరికి ఆ ఆరోపణల మీద నమ్మకం లేదు. మరెందుకు నడిపారు? అరిజోనాలో బైడెన్ గెలిచాడని తమ చానలే ముందుగా ప్రకటించాక ప్రేక్షకులకు కోపమొచ్చింది, పోటీ చానల్‌కు వెళ్లిపోతారని వీళ్లకు భయం పట్టుకుంది. 2023 ఏప్రిల్‌లో 78.75 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. మాకు నచ్చని నిజం చెబితే వెళ్లిపోతాం అని ప్రేక్షకులే చానల్‌ను బెదిరించినట్టయింది. మీడియాను యజమానులు చెడగొట్టడం గురించి చాలా మాట్లాడుకుంటాం, ప్రేక్షకులు చెడగొట్టడం గురించి కూడా మాట్లాడుకోవాలి.

తూర్పుగాలి:

రాత్రిషిఫ్టు గారూ, హాస్టల్ వార్త చదివి మనసు కలుక్కుమంది. అయినా ప్రేక్షకుడిని యజమానితో సమానంగా నిలబెట్టడానికి నేను ఒప్పుకోను.

2009 ఎన్నికలప్పుడు మన తెలుగు పత్రికల్లోనే పెయిడ్ న్యూస్ ఎంత బాహాటంగా నడిచిందో జర్నలిస్టు సంఘమే వివరాలు సేకరించి బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది, 2010లో నివేదిక వచ్చింది. కౌన్సిల్ ఆ నివేదికను పూర్తిగా ప్రచురించకుండా కుదించి సరిపెట్టింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తేగాని పూర్తి పాఠం బయటికి రాలేదు. డబ్బిచ్చి వేయించుకున్న ప్రచారం వార్త వేషంలో వచ్చినప్పుడు పాఠకుడు ఎలా పోల్చుకోవాలి? మోసపోయినవాడికీ మోసంలో వాటా ఉందంటారా?

జర్మనీ సంగతీ చెప్పుకుందాం, ఎందుకంటే ఇలాంటి చర్చలో అది రాక తప్పదు. హిట్లర్‌ను ఓటర్లే గద్దెనెక్కించారంటారు. 1932 నవంబర్ ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చింది 33.1 శాతం. అంతకుముందు జూలైలో వచ్చినదానికంటే తక్కువ. 1933 జనవరి 30న ఆయన్ను ఛాన్సలర్‌గా నియమించింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. ఆ మంత్రివర్గంలో ఒకడు హుగెన్‌బర్గ్. పత్రికలు, వార్తా ఏజెన్సీ, ఉఫా సినిమా కంపెనీ అన్నీ చేతిలో పెట్టుకున్న మీడియా అధిపతి. ముందు ఆ గదుల్లో కూర్చున్నవాళ్ల లెక్క తేల్చండి, తర్వాత జనం దగ్గరికి వద్దాం.

లెక్కలమాస్టారు:

తూర్పుగాలి బాబూ, ముందు వాళ్ల లెక్క తేల్చాల్సిందే, సరే. కానీ ‘తర్వాత’ అన్నది ఎప్పటికీ రాకుండా పోకూడదు కదా.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను, చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. పత్రికలకు సెన్సార్. 1977 మార్చిలో ఎన్నికలు జరిగితే ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో సాక్షాత్తూ ఇందిరాగాంధీ ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కే. మిగిలిన ఒక్కటి నంద్యాల, నీలం సంజీవరెడ్డి గారు జనతా తరఫున గెలిచారు.

ఎందుకలా? బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఉత్తరాదిలో ఇంటింటినీ తాకాయి. అక్కడివాళ్లకు తెలుసుకోవడానికి పత్రికలతో పనిలేకపోయింది. మన దగ్గర అంతగా తాకలేదు. అలాగని మన దగ్గర ఏమీ జరగలేదా? నక్సలైట్ ఉద్యమంలో పనిచేసిన భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ 1975 డిసెంబర్ 1న ఉరితీశారు. ఎన్‌కౌంటర్ల పేరుతో కుర్రాళ్లను కాల్చేశారన్న ఆరోపణలను మాజీ న్యాయమూర్తి తార్కుండే నాయకత్వంలోని కమిటీ విచారించింది 1977లో, ఓట్లు పడ్డాక. అంటే ఓటేసే రోజు మార్చిలో మన పల్లెల్లోని మనిషికి తన రాష్ట్రంలో ఏం జరిగిందో కూడా సరిగ్గా తెలియదు. ఆ 41 స్థానాల పాపం అతని నెత్తిన రుద్దుతానా? రుద్దను. ఇంతవరకు తూర్పుగాలి మాటే నా మాట.

కానీ తెలిసినవాళ్లు కూడా ఉన్నారు. ఊళ్లో చదువుకున్నవాళ్లు, ఉద్యోగులు, లాయర్లు. ‘రైళ్లు టైముకు నడుస్తున్నాయి’ అని సంతృప్తిపడ్డవాళ్లు. వాళ్ల సంగతేమిటి?

కార్ల్ యాస్పర్స్ అనే జర్మన్ తత్వవేత్త దీని మీద చాలా జాగ్రత్తగా ఆలోచించాడు. భార్య యూదురాలు కావడంతో నాజీలు 1937లో ఆయన్ను పాఠాలు చెప్పనివ్వకుండా తీసేశారు. యుద్ధం ముగిశాక హైడెల్‌బర్గ్‌లో తన దేశస్థులకే ఈ విషయం మీద ఉపన్యాసాలిచ్చాడు, 1946లో పుస్తకంగా వచ్చాయి. దోషం అంతా ఒక్కటి కాదన్నాడు. చట్టాన్ని మీరినవాడిది నేరం, దానికి కోర్టు ఉంది, అది మనిషి మనిషికీ విడిగా రుజువు కావాలి. ఒక జాతి మొత్తాన్ని నేరస్థుల్ని చేయడం కుదరదు. రాజ్యం చేసిన పనుల ఫలితాన్ని మాత్రం పౌరులందరూ మోయాలి, ఓటేసినవాడైనా వేయనివాడైనా. అది రాజకీయ బాధ్యత. ఇక తెలిసీ ఊరుకున్నందుకు, అవసరం కోసం తలూపినందుకు కలిగేది నైతిక దోషం. దానికి ఎవరి మనస్సాక్షే వాళ్లకు న్యాయస్థానం, పక్కవాడు తీర్పు చెప్పలేడు. నాలుగోది కూడా చెప్పాడు, సాటి మనిషికి అన్యాయం జరుగుతుంటే తాను బతికి బయటపడ్డందుకు కలిగేది. దాని జోలికి ఇప్పుడు వెళ్లను.

మనం ఇక్కడ కొట్టుకుంటున్నది ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లే. సిరాచుక్క అడిగేది రెండోదీ మూడోదీ. తూర్పుగాలి భయపడేది మొదటిది జనం మీద పడుతుందేమోనని.

ఇంటిదీపం:

మాస్టారూ, ఇది విడమరిచి చెప్పినందుకు చాలా థాంక్స్.

నేను ఒక్కటే కలుపుతాను. ఇప్పుడు మనం చూసేవాళ్లం మాత్రమే కాదు, పంచేవాళ్లం కూడా. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారన్న పుకార్లు వాట్సాప్‌లో తిరిగి, 2018లో దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్‌లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి చేసింది. అక్కడ యజమాని లేడు, ఎడిటర్ లేడు, పెయిడ్ న్యూస్ లేదు. ఒక మనిషి వేలితో నొక్కితే ఇంకో మనిషికి చేరింది. తూర్పుగాలి అన్నయ్యా, ఈ ఒక్కచోటైనా బాధ్యత పైవాళ్ల మీదకు నెట్టడానికి వీల్లేదు కదా?

ఫ్యామిలీ గ్రూపులో పెద్దవాళ్లు పెట్టినదాన్ని తప్పు అనడం కష్టమే. మా మామయ్య గారు పెడితే గ్రూపులో ఏమీ అనను, విడిగా ఫోన్ చేసి ‘మామయ్య గారూ, ఇది పాత ఫోటో అండీ, వేరే రాష్ట్రంలోది’ అని చెబుతాను. ఒక్కోసారి తీసేస్తారు, ఒక్కోసారి కోప్పడతారు. కోప్పడినా చెబుతాను.

సిరాచుక్క:

అందరూ ఇంత శ్రద్ధగా రాశారు, సంతోషం. మాస్టారి పోస్టు చదివాక నా ప్రశ్నను ఇంకాస్త సూటిగా అడగగలను.

ఎక్కువ బాధ్యత ఎవరిది అంటే, గెలిచినవాడికి ఓటేసినవాళ్లది. అది కూడా ఓటేసిన రోజుకు సంబంధించింది కాదు, ఆ తర్వాతి ఐదేళ్లది. ఓడినవాడికి ఓటేసిన మనిషి ఎంత అరిచినా నాయకుడు పట్టించుకోడు, ‘వాళ్లు ఎలాగూ మనవాళ్లు కాదు’ అంటాడు. తనవాళ్లు అడిగితే అలా అనలేడు. కానీ మన దగ్గర సరిగ్గా వాళ్లే నోరు మెదపరు. తమ నాయకుడు తప్పు చేస్తే ‘అవతలివాళ్లు చేయలేదా’ అంటారు. తమ చానల్ అబద్ధం చెబితే ‘ఆ చానల్ చెప్పలేదా’ అంటారు. ప్రత్యర్థిని నిలదీయడం తేలిక, దానికి నలుగురు మెచ్చుకుంటారు. సొంతవాడిని అడిగితే సొంతవాళ్లే దూరం పెడతారు.

అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది దీని గురించే. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చుగానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అన్నారు. ఎంత గొప్పవాడైనా సరే, మన స్వేచ్ఛను అతని కాళ్ల దగ్గర పెట్టకూడదన్న జాన్ స్టూవర్ట్ మిల్ మాటనూ అక్కడే గుర్తుచేశారు. భక్తుడు అడగడు కదా. కూలి పని చేసుకునే మనిషిని నేను నిలదీయడం లేదు తూర్పుగాలి గారూ. చదువూ తీరికా ఉండి, పార్టీ ఆఫీసులో పరిచయాలుండి, సోషల్ మీడియాలో రోజంతా తమ నాయకుడి తరఫున వాదించే మనలాంటివాళ్లనే అడుగుతున్నాను.

తూర్పుగాలి:

అలా అయితే నాకు పేచీ లేదు. ఇంటిదీపం గారి ప్రశ్నకూ జవాబు అవుననే, ఫార్వర్డ్ చేసినవాడిదే బాధ్యత. కానీ యజమానులూ పార్టీలూ ముందు అన్న నా వరుస మాత్రం మారదు. హాస్టల్ వార్త కిందికి జారినప్పుడు అంకెను దించింది ప్రేక్షకులే అయినా, ఆ స్క్రీన్ గోడకు పెట్టించింది యజమాని.

రాత్రిషిఫ్టు:

ఒప్పుకుంటాను. ఆ హాస్టల్ రిపోర్టర్ ఇప్పుడు సొంతంగా ఒక చిన్న యూట్యూబ్ చానల్ నడుపుతున్నాడు. నీళ్లు, స్కూళ్లు, ఆస్పత్రులు, ఇవే చేస్తాడు. చూసేవాళ్లు తక్కువ. అలాంటివాళ్లు ప్రతిచోటా ఒకరిద్దరు ఉంటారు. వీడియో చివరిదాకా చూడండి, వీలైతే డబ్బు కట్టండి. తిట్టుకునే బైట్లు చూసి ‘ఛీ’ అని కామెంట్ పెట్టినా అది వాళ్ల ఖాతాలోకే పోతుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి.

చిగురు:

వకీలు గారూ, ఆ సీ-7 ఎక్కడ చూడాలి? మా నియోజకవర్గంలో ఇద్దరివీ కావాలి.

వకీలు_కలం:

ఆయా పార్టీల వెబ్‌సైట్లలో ఉంటాయమ్మా, మొదటి పేజీలోనే క్రిమినల్ కేసులున్న అభ్యర్థుల వివరాలని ఒక లింక్ ఉండాలని కోర్టు చెప్పింది. అభ్యర్థి స్వయంగా ఇచ్చిన అఫిడవిట్ ఫారం 26లో ఉంటుంది, ఎన్నికల సంఘం సైట్‌లో దొరుకుతుంది. ఫోన్లో ఎన్నికల సంఘం యాప్‌లోనూ చూడొచ్చు. ఇంకా ప్రచారం జరుగుతున్నప్పుడు అభ్యర్థి తన కేసుల వివరాలు మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ప్రకటించాలి. చిన్న అక్షరాల్లో వేస్తారు, కాస్త వెతకాలి.

చిగురు:

ఒకరిది దొరికింది. మీరు చెప్పిన వాక్యమే ఉంది, ‘ప్రజాసేవలో ఉన్నారు’ అని. మా నాన్న గారు ఆ పార్టీలోనే మండల స్థాయిలో తిరుగుతారు. ఇది ప్రింట్ తీసి ఇచ్చి, మీటింగ్‌లో అడగమన్నాను. చదివారు, ఇంకా ఏమీ అనలేదు. రెండోవాళ్లది వాళ్ల సైట్‌లో లింక్ తెరుచుకోవట్లేదు, ఎవరికి ఫిర్యాదు చేయాలి?

వకీలు_కలం:

స్క్రీన్‌షాట్ తీసి పెట్టు, తేదీ కనిపించేలా. జిల్లా ఎన్నికల అధికారికి రాద్దాం. ముసాయిదా రేపు పొద్దున ఇక్కడే పెడతాను, తూర్పుగాలి గారు కూడా ఒకసారి చూడాలి.